హజ్‌కి ముందు ఒక కొండ ఊరు

శుక్రవారాల్లో మనామాలో కలిసే మా వైపు ఆడవాళ్లు ఇప్పుడు నన్ను అడిగేది ఒకటే, హిమాలయాల్లో మంచు చూశావా అని. చూశాను. రెండు ఉదయాలు, చాలా దూరం నుంచి. దాన్ని పట్టుకోలేదు, దాని మీద నడవలేదు. మేము వెళ్లింది మంచు కోసం కాదు. ఎందుకు వెళ్లామో నిలబడి చెప్పే మాట కాదు గనక కూర్చుని రాస్తున్నాను.

నేను ముహర్రక్‌లో ఒకే ఇంట్లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. వంట, ఇల్లు, ఈ మూడేళ్లుగా యజమానురాలి మందులూ మోకాళ్లూ కూడా నావే. వీధిలో ఆమెను ఉమ్ ఖాలిద్ అంటారు, ఖాలిద్ వాళ్లమ్మ అని. పనిచేసేవాళ్లం మామా అంటాం. మన మామ కాదు, అమ్మ అన్నమాట. డెబ్బైకి దగ్గర పడిన మనిషి. భర్త పోయి రెండేళ్లయింది.

ఈ ఏడాది ఆమెకు హజ్ యాత్రకు అవకాశం వచ్చింది. హజ్‌కి వెళ్లేవాళ్లు బయల్దేరే ముందు, ఎవరి పట్లయినా తప్పు చేసి ఉంటే తమను మన్నించమని వాళ్లను అడగాలి. దేవుడికి చేసిన తప్పు దేవుడు మన్నిస్తాడు, మనిషికి చేసింది ఆ మనిషే మన్నించాలి అని మామా చెప్పింది. మా ఊళ్లో కాశీకి వెళ్లేవాళ్లు అందరికీ చెప్పి వెళ్తారు గానీ, ఇలా అడిగి వెళ్లడం నేను చూడలేదు. రెండు వారాలు ఆమె ఫోన్ పట్టుకుని కూర్చుంది. ప్రహరీ గోడ దగ్గర తగువు పడిన ఆడపడుచుతో మాట్లాడింది. ఎప్పుడో మాట తూలిన దర్జీతో మాట్లాడింది. ఒక్క నంబరు మాత్రం మోగి మోగి ఆగిపోయేది. అది దయాల్ సింగ్‌ది.

నాకు ముందు ఆ ఇంట్లో పద్నాలుగేళ్లు వంట చేసిన మనిషి దయాల్ సింగ్. నేను ఆయన్ని చూడలేదు. మసాలా డబ్బాల మీద ఆయన హిందీలో రాసిన పేర్లు మాత్రం చాలాకాలం ఉన్నాయి. మామా చిన్న కూతురి పెళ్లికి పన్నెండు రోజుల ముందు, ఊళ్లో ఆయన భార్యకు ఛాతీలో నిమ్ము చేరిందని కబురొచ్చింది. వెళ్తానన్నాడు. మూడువందల మందికి వంట, పెళ్లవగానే పంపిస్తానంది మామా. ఆయన పాస్‌పోర్టు ఆమె బీరువాలో ఉంది. ఊరు చేరేసరికి భార్య పోయి నాలుగో రోజు. మళ్లీ రాలేదు. ఆ ఖాళీలోనే నన్ను తీసుకున్నారు. ఇదంతా మామా నాకు ఈ ఏడాదే చెప్పింది.

కొండల్లో ఉన్న ఆయన ఊరికే వెళ్లి అడుగుతానంటే కొడుకు ఖాలిద్ వద్దన్నాడు. ఏదైనా పంపిద్దాం, మనిషి వెళ్లడమెందుకన్నాడు. "నా తప్పు కొరియర్‌లో పంపిస్తావా?" అంది మామా. తర్వాత నా వైపు తిరిగి, "నీకు హిందీ వచ్చు, నువ్వు రా" అంది.

ముహర్రక్

మా ఇంటి నుంచి విమానాశ్రయం పావుగంట కూడా ఉండదు. దింపడానికి వచ్చిన డ్రైవర్ రాజన్న జగిత్యాల వైపు మనిషి. సామాన్ బండి మీద పెట్టి నన్ను పక్కకు పిలిచాడు.

"అక్కా, జెర పైలం. ఆమెకు మోకాళ్లు నొస్తయి, గుట్టలెక్కనియ్యకు" అన్నాడు. తర్వాత, "ఇరవై ఏండ్ల సంది దుబాయిల ఉన్న. పనోన్ని మాఫీ అడుగుతందుకు ఇంత దూరం పొయ్యే కఫీల్‌ను ఇప్పుడే సూస్తున్న" అన్నాడు. బహ్రెయిన్‌లో ఉంటూ దుబాయి అంటాడు. వాళ్ల వైపు గల్ఫ్ అంతా దుబాయే. కఫీల్ అంటే మనల్ని పనికి తెచ్చుకున్న యజమాని.

మామా చేతి సంచీలో మూడు డబ్బాల హల్వా ఉంది. ముహర్రక్ హల్వా మన కాకినాడ కాజాలాగా ఊరి పేరుతో చెలామణీ అవుతుంది. ఎర్రగా, జిగురుగా, కుంకుమపువ్వు వాసనతో ఉంటుంది. ఢిల్లీలో తనిఖీ వాళ్లు ఒక డబ్బా విప్పించి, వేలితో నొక్కి చూసి, ఇదేమిటని అడిగారు. తినేదే అని చెప్పడానికి నేను ఒక ముక్క తిని చూపించాల్సి వచ్చింది.

హల్ద్వానీ

ఢిల్లీలో ఖాలిద్ మాట్లాడి పెట్టిన కారు ఉంది. డ్రైవర్ హరీష్ ఆ కొండల మనిషే, ముప్ఫై ఏళ్లుంటాయి. రోజంతా వెళ్లి కొండల కింద హల్ద్వానీలో దిగాం. దారిలో ఆగిన ప్రతి దాబాలోనూ ఒళ్లంతా కప్పే నల్లటి అబాయాలో ఉన్న మామానీ, చీరలో ఉన్న నన్నూ చూసి, ఈవిడ మీ అత్తగారా అని అడిగారు. మొదటిసారి కాదన్నాను, మా యజమానురాలన్నాను. యజమానురాలు అయితే పక్కన కూర్చుని ఒకే పళ్లెంలో పరోటా తుంచుకోవడం ఏమిటో వాళ్లకు అంతుపట్టలేదు. మూడో చోట అవును, అత్తగారే అన్నాను. మామా హిందీ సీరియళ్లు వదలకుండా చూస్తుంది. సాస్ అనే మాట ఆమెకు తెలియకపోతే కదా. చాయ్ గ్లాసులో ముఖం పెట్టి నవ్వుకుంది.

ఆ చాయ్ ఇరవై రూపాయలు. ముహర్రక్‌లో కరక్ చాయ్ వంద ఫిల్సులు, ఇంచుమించు అంతే పడుతుంది. రుచిలో ఇదే మెరుగని మామా ఒప్పుకుంది, కానీ ఇంటికెళ్లాక ఎవరితోనూ అనొద్దంది.

ఘాట్ రోడ్డు

మా కోనసీమలో ఎత్తయిన నేల అంటే కాలవ గట్టు. బహ్రెయిన్‌లో అదీ లేదు. అలాంటి ఇద్దరం మలుపు మీద మలుపు ఎక్కాం. నాకు నాలుగుసార్లు వాంతయింది. హరీష్ విసుక్కోకుండా ప్రతిసారీ కారు ఆపి, నిమ్మకాయ కోసి నల్ల ఉప్పు అద్ది ఇచ్చాడు. మామాకు ఏమీ కాలేదు గానీ ఉన్నట్టుండి గట్టిగా అరవడం మొదలుపెట్టింది. ఎత్తుకు ఆమె చెవులు మూసుకుపోయాయి. చెవుడు వచ్చిందనుకుని, తన మాట తనకు వినపడేదాకా అరుస్తోంది. ఆవలించమని నేను చేసి చూపించాను. ఆమె ఆవలించింది, అద్దంలో చూసి హరీష్ కూడా ఆవలించాడు. చెవులు తెరుచుకున్నాక, "ఇదేమిటి, ఇక్కడ చప్పుడే లేదు" అంది. నిజమే. ఏసీ హోరు లేని చోట కూర్చుని ఆమెకు ఎన్నేళ్లయిందో.

దయాల్ సింగ్ వాళ్ల ఊరు అల్మోడా దాటాక ఇంకా మూడు గంటలు. ఆ పేరు రాయొద్దని ఆయన చెప్పాడు కనుక రాయడం లేదు. కారు రోడ్డు ఊరికి కొంచెం కిందే ఆగిపోతుంది. అక్కడ హరీష్ వాళ్ల పిన్ని ఇంటి మీద రెండు గదులు కట్టి అద్దెకిస్తోంది. రోజుకి గదీ భోజనమూ కలిపి పన్నెండువందలు. ఆవిడ పెట్టిన రొట్టె నల్లగా ఉంది. తుంచి నోట్లో పెట్టుకుంటే మన చోళ్లు, అంటే రాగులు. చిన్నప్పుడు అంబలి తాగిన రుచి నాలుగు వేల మైళ్లు తిరిగి కొండ మీద దొరికింది. దానికి తోడు నల్ల సోయా గింజల పులుసు, నెయ్యి. మామా మాంసం లేని భోజనం చేయడం నేను చూడటం అదే మొదలు. రెండు రొట్టెలు తిని మూడోది చేతిలో పట్టుకుంది. కొండల మీద ఎర్రగా విరగబూసిన ఒక చెట్టు పూలతో చేసిన షర్బత్ కూడా ఇచ్చింది పిన్ని. మామా దాన్ని రంజాన్‌లో తాగే ఎర్ర షర్బత్‌తో పోల్చి, ఇందులో పంచదార తక్కువ అంది.

కంచరగాడిద మీద

పైకి నడిచే దారి అరగంట. మామా మోకాళ్లకు అది కుదరదు. నలుగురు మనుషులు కుర్చీలో మోస్తారని పిన్ని చెప్పింది. పరాయి మగాళ్లు మోయడం మామాకు ఇష్టం లేదు. చివరికి నాలుగువందలకు ఇటుకలు మోసే కంచరగాడిదను మాట్లాడాం. అబాయా మోకాళ్ల దాకా లాక్కుని, లోపల నా ట్రాక్‌ప్యాంటు వేసుకుని, మామా దాని మీద కూర్చుంది. ఆ జంతువు సగం దారిలో ఆగి, గోధుమ చేలోకి తల పెట్టి మేయడం మొదలుపెట్టింది. దాని యజమాని తిట్టినా కదల్లేదు. ఆమె చెప్పు ఒకటి జారి రెండు మడుల కిందికి పోయింది. గడ్డి మోపు మోసుకుంటూ ఎదురొచ్చిన ఒక పెద్దావిడ, మోపు దించకుండానే దిగి వెళ్లి చెప్పు తెచ్చి ఇచ్చింది. ఆవిడకూ డెబ్బై ఉంటాయి. తన మోకాళ్ల సంగతి మామా ఆ తర్వాత మళ్లీ ఎత్తలేదు.

ఊళ్లో పాతిక ఇళ్లుంటాయి. రాతి గోడలు, రాతి పలకల పైకప్పులు, కింద పశువులు, పైన మనుషులు. సగం ఇళ్లకు తాళాలు. వాళ్లంతా ఎక్కడని అడిగితే ఢిల్లీ, బొంబాయి, దుబాయి అన్నారు. మన ఊళ్లలో చెప్పే పేర్లే.

మొదటి రోజు

దయాల్ సింగ్ వాకిట్లో గోధుమ పనలు పరుస్తున్నాడు. అరవై దాటిన సన్నటి మనిషి. మమ్మల్ని చూసి నిలబడిపోయాడు. తర్వాత లోపలికి వెళ్లి కుర్చీ తెచ్చి, చేతులూ వీపూ గుడ్డతో తుడిచి, మామా దిగే చోట వేశాడు.

మామా అరబ్బీలో కుశలం అడిగింది. ఆయన నా వైపు తిరిగి హిందీలో, "చెల్లీ, ఆ భాష అక్కడే వదిలేసి వచ్చాను. ఆవిడ చెప్పేది నువ్వు హిందీలో చెప్పు" అన్నాడు.

పద్నాలుగేళ్లు మాట్లాడిన భాష ఎక్కడికీ పోదు. ఆయనకు అర్థమవుతోందని నాకు తెలుసు, మామాకు తెలుసు. మామాకు హిందీ సగమైనా అర్థమవుతుందని ఆయనకూ తెలుసు. అయినా ముగ్గురం ఒక ఒప్పందం కుదిరినట్టే కూర్చున్నాం, నేను మధ్యలో. నాది వంటింటి అరబ్బీ. కడుగు, మూత పెట్టు, ఉప్పు తగ్గింది, ఇలాంటి మాటలతో పదకొండేళ్లు గడిచాయి. దానితో ఇంత పని పడుతుందని అనుకోలేదు.

మామా ముందే అనుకుని వచ్చినట్టుంది, ఎక్కడా తడబడలేదు. "నీ భార్యకు బాగా లేదని నువ్వు చెప్పావు. నేను వినలేదని కాదు. విన్నాను. విని కూడా నా కూతురి పెళ్లి ముఖ్యమనుకున్నాను. పాస్‌పోర్టు నా దగ్గరే ఉంచుకున్నాను. అది నా తప్పు. నన్ను మన్నించు."

నేను ఒక్కో మాటా హిందీలో చెప్పాను.

ఆయన చేతిలోని గడ్డిపోచను తుంపుతూ విన్నాడు. "ఇది మా అమ్మాయి వినాలి" అన్నాడు. "వాళ్లమ్మ మంచం పక్కన కూర్చున్నది అది. అప్పటికి పద్నాలుగేళ్లు దానికి. రేపు పొద్దున వస్తుంది, రేపు రండి."

చాయ్ ఇచ్చాడు. మామా గ్లాసులో అడక్కుండానే యాలకులు ఎక్కువ వేసి, పంచదార మానేశాడు. హల్వా డబ్బాలు తీసుకుని లోపల పెట్టాడు గానీ విప్పలేదు.

రెండో రోజు

కూతురి పేరు కమల. కొండ కింద ఊళ్లో అంగన్‌వాడీలో పనిచేస్తోంది. పొద్దున్నే అంత దూరం ఎక్కి వచ్చి గడప మీద కూర్చుంది. మామా హజ్ సంగతితో సహా అంతా మళ్లీ చెప్పింది, నేను మళ్లీ హిందీలోకి మార్చాను. కమల వింటూ మామా ముఖాన్నే చూసింది.

"ఆ పెళ్లికి మా నాన్న ఏం వండాడు?" అని అడిగింది.

నేను అనుకున్న ప్రశ్న కాదది. మామా ఒక్కొక్కటే చెప్పింది. మటన్ మచ్‌బూస్, అంటే మన పలావులాంటిది. గోధుమ, మాంసం కలిపి గంటలకొద్దీ ఉడికించే హరీస్. చేపలు. రెండు రకాల మిఠాయిలు. ఆమెకు అన్నీ గుర్తున్నాయి.

"బాగా కుదిరిందా?"

మామా గుర్తులేదనొచ్చు. అనలేదు. "బాగా కుదిరింది. మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు" అంది.

కమల తండ్రి వైపు తిరిగింది. "ఇది మాకెప్పుడూ చెప్పలేదేం నాన్నా?"

"ఏమని చెప్పను?" అన్నాడు దయాల్ సింగ్. "మీ అమ్మ పోయిందని ఫోన్ వచ్చింది ఆ పొద్దున్నే. పొయ్యిల మీద డేగిశాలు ఎక్కించేశాను. ఎవరికీ చెప్పలేదు. వంటయ్యాక చెబుదామనుకున్నాను. వంటయ్యాక వడ్డన. అలా సాయంత్రమైంది."

నేను మామా వైపు తిరిగాను. అప్పటికే ఆమె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. పెళ్లి రోజున ఆ మనిషి ఏం మోస్తూ వండాడో ఆమెకు ఆ ఉదయందాకా తెలియదు. ఆ మాట నేను అరబ్బీలోకి మార్చలేదు. మార్చాల్సిన పని లేకపోయింది. మామా ఏడ్చింది. ఎవరూ ఆమెను ఊరుకోమనలేదు. దయాల్ సింగ్ లేచి గోధుమ పనలు ఒకసారి తిరగేసి వచ్చాడు.

కమల లోపలికి వెళ్లి నీళ్లు తెచ్చి మామా చేతికిచ్చింది. తర్వాత నాతో అంది: "వాళ్లకు అది పెద్ద యాత్ర కదా. వెళ్లమను. మా వైపు నుంచి అడ్డు లేదు. మాఫీ అనే మాట మాత్రం నేను అనలేను. అది మా అమ్మ అనాల్సిన మాట."

దయాల్ సింగ్ తల ఊపాడు.

దీన్ని అరబ్బీలో చెప్పాల్సింది నేనే. మెత్తగా చేసి చెబుదామా అనిపించింది కూడా. మాఫీ దొరికిందంటే పెద్దావిడ ప్రాణం కుదుటపడుతుంది. కానీ ఆ ఇద్దరూ నా ముఖమే చూస్తున్నారు. "మాఫీ అనలేదు మామా" అన్నాను. "రూహీ అన్నారు."

రూహీ అంటే వెళ్లు అని. ఆ ఇంట్లో రోజుకి పదిసార్లు మామా నాతో అనే మాట. నేను ఆమెతో అనడం అదే మొదటిసారి. ఆమె దాన్ని మెల్లగా తనలో తాను ఒకసారి అనుకుంది.

దిగేటప్పుడు కంచరగాడిద తాడు దయాల్ సింగే పట్టుకున్నాడు. కారు దగ్గర హరీష్‌తో, మలుపుల్లో నెమ్మదిగా పోనివ్వు, ఆవిడ మోకాళ్లు ఒత్తుకుంటాయి అన్నాడు.

అల్మోడా, తిరుగు దారి

అల్మోడాలో చాక్లెట్ రంగులో, చుట్టూ తెల్లటి పంచదార గుళికలు అంటించిన పాలకోవా అమ్ముతారు. కిలో కొన్నాం. మామా ముట్టలేదు. ఊరు దాటాక, "ఇక నువ్వు మిగిలావు" అంది.

నాకు అర్థం కాలేదు.

"నీ పట్ల నేనేం తప్పు చేశాను? చెప్పు."

ఏమీ లేదు మామా అనేశాను, అలవాటుగా. నాలుగైదు మలుపులు తిరిగాం. అప్పుడు ఉందన్నాను.

మూడేళ్ల క్రితం నా కూతురు దేవి తొలి కాన్పు. మా వైపు తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి, తల్లి చేతుల మీద. నేను సెలవడిగాను. అప్పుడే మామా మోకాలి ఆపరేషన్. నువ్వు లేకపోతే ఎలా అంది. సరే అన్నాను. దేవి కాకినాడలో మా అక్క ఇంట్లో కన్నది. నేను మనవణ్ణి చూసేసరికి వాడు బోర్లాపడుతున్నాడు.

"నువ్వు సరే అన్నావు కదా" అంది మామా.

"అన్నాను. కాదంటే ఏమవుతుందో తెలియక."

మన్నిస్తావా అని అడిగింది మామా. దేవిని అడిగి చెబుతానన్నాను. ఫోన్‌లో అడిగే మాట కాదు కదా అంది. ఢిల్లీ చేరేలోగా ఖాలిద్‌తో మాట్లాడి నాకు రాజమండ్రి టిక్కెట్టు తీయించింది, పదిహేను రోజులకు. ఒంటరిగా ఎలా వస్తావని అతను ఫోన్‌లో గోల పెట్టాడు. విమానాశ్రయంలో మందుల వేళలన్నీ కాగితం మీద రాసి ఆమె సంచీలో పెట్టాను. చక్రాల కుర్చీలో కూర్చుని, తోసే కుర్రాడితో తన సీరియల్ హిందీలో ఏదో వాదిస్తూ లోపలికి వెళ్లింది.

ముమ్మిడివరం

దేవి అత్తవారి ఊరు ముమ్మిడివరం. మనవడికి నేను కొత్త. తల్లి కుచ్చిళ్ల వెనక దాక్కున్నాడు. మూడో రోజు దేవి పెరట్లో రొయ్యలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాను. కొండ ఊరు, దయాల్ సింగ్, మామా అడిగిన మాట, అన్నీ. నువ్వేమంటావు అన్నాను.

"నొప్పులు పడేటప్పుడు ఆవిడెవరో నాకేం తెలుసమ్మా" అంది దేవి, తలెత్తకుండా. "నిన్నే తిట్టుకున్నాను. పెద్దమ్మకి వినపడకుండా."

అరబ్బీలో విన్న మాటను హిందీలోకి మోసినదాన్ని, రెండు రోజులు. మన భాషలో అది నోటికి రాలేదు. క్షమించు అని మా ఇళ్లలో తల్లులు పిల్లలతో అనరు, ఎవరూ ఎవరితోనూ అనరు. ఒలిచిన రొయ్యల గిన్నె దగ్గరికి లాక్కుని, "తప్పయిపోయిందే" అన్నాను.

దేవి ఇంకో నాలుగు రొయ్యలు ఒలిచింది. చేతులు కడుక్కుంది. "మళ్లీ నెల తప్పింది. అక్టోబరంట" అంది. "ఆవిడకి ఇప్పుడే చెప్పు. ఈసారి సరే అనకు."

ముహర్రక్‌లో గుమ్మం దగ్గరే మామా ఎదురొచ్చింది, కర్ర పట్టుకుని. మీ అమ్మాయి ఏమంది అని అడిగింది. దేవి అన్నదంతా చెప్పాను, నన్ను తిట్టుకున్న సంగతితో సహా. ఆ తర్వాత, "అక్టోబరు నుంచి మూడు నెలలు నేనిక్కడ ఉండను మామా" అన్నాను. ఉండొచ్చా అని అడగలేదు.

మందులు ఎవరిస్తారు అంది. రాజన్నకు నేర్పిస్తానన్నాను. రాజన్నకు చదువు రాదు కదా అంది. రంగులు చూసి ఇస్తాడన్నాను. చెప్పులు విప్పి లోపలికి రమ్మంది. సామాన్ నా గదిలో పెడుతుంటే, మామా రాజన్నను కేకేసి, నీలం రంగు మాత్ర పొద్దున వేసుకునేదా, సాయంత్రం వేసుకునేదా అని అడగడం వినిపించింది.